హన్మండ్లు పేరు పడితే కార్డు ఖరాబ్

ఎల్లారెడ్డి నుంచి లింగంపేటకు షేర్ ఆటో నడిపేవాళ్లలో అందరికంటే పెద్ద గొంతు హన్మండ్లుది. 2009లో ఆటో కొన్న కొత్తలో ఆ గొంతు మీదే బతికాడు. బస్టాండు బయట నిలబడి ఒక్క కేక వేశాడంటే, అవతల అంగట్లో వంకాయలు బేరం చేస్తున్నవాళ్లు కూడా ఏమైందోనని తల తిప్పి చూసేవాళ్లు. పొద్దంతా అలా అరిచి ఇంటికి చేరేసరికి గొంతు పూర్తిగా బొంగురుపోయేది. భార్య వినోదతో మాట్లాడటానికి సైగలే మిగిలేవి.

"ఊరోళ్లకేమో మాటలు, నాకేమో సైగలు," అని వినోద దెప్పిపొడిచేది. "అన్నం పెట్టాల్నా అంటే చెయ్యి ఊపుతవు. ఆ ఊపుడు ఔననో కాదనో నాకెట్ల తెల్వాలె?"

రెండేళ్లు ఈ సైగల కాపురం చేశాక హన్మండ్లుకు ఒక ఉపాయం తట్టింది. ఆటోలో మెమరీ కార్డు పెట్టే చైనా ప్లేయర్ ఒకటి బిగించాడు. ఆటో నెత్తిన చిన్న మైకు కట్టాడు. తన కేకను సెల్‌ఫోన్‌లో రికార్డు చేసి కార్డులోకి ఎక్కించాడు. అది ఇలా సాగేది: "రావాలె రావాలె, లింగంపేట లింగంపేట! ఒక్క సీటే ఖాళీ, ఒక్క సీటే! ఇగ కదుల్తున్నది, ఇగ కదుల్తున్నది!"

ఆటోలో ఒక్క మనిషి లేనప్పుడు కూడా మైకు ఒక్క సీటే ఖాళీ అనేది. గంటసేపు కదలని ఆటో ఇగ కదుల్తున్నానని ప్రమాణం చేసేది. హన్మండ్లు మాత్రం పక్కన చాయ్ తాగుతూ, తన గొంతు తనకోసం అబద్ధాలాడుతుంటే ముచ్చటగా వినేవాడు. ఆటో నిండి కదిలాక కేక ఆపి పాటలు పెట్టేవాడు. ఆ పాటల కోసమే పనిగట్టుకుని అతని ఆటో ఎక్కేవాళ్లు కొందరుండేవాళ్లు. ఇంట్లో కూడా మాటలు తిరిగొచ్చాయి. వినోదకు కొన్నాళ్లకు సైగలే నయమనిపించాయట, అది వేరే సంగతి.

అంతా బాగానే ఉంది కానీ, కార్డులు నిలిచేవి కావు. కొత్త కార్డు పెట్టిన కొద్ది వారాలకే పాటలు గొంతులో ముల్లు గుచ్చుకున్నట్టు ఆగి ఆగి వచ్చేవి. తర్వాత కేక కూడా పాడయ్యేది. ఒకసారి మైకు 'పేట'ను మింగేసి, "లింగం... లింగం... లింగం" అని మాత్రమే అనడం మొదలుపెట్టింది. హన్మండ్లు చాయ్ గ్లాసు పట్టుకుని వచ్చేసరికి, రోజూ అతని ఆటోలోనే గుడ్లు అమ్మడానికి వెళ్లే శాంతవ్వ గంప దింపి, ఆటోకు రెండు చేతులూ ఎత్తి మొక్కుతోంది.

"మంచి పని చేసినవు కొడుకా. ఎప్పుడు సీటు సీటు అని మొత్తుకునుడేనా? సోమవారం పూట శివుని పేరు తల్సుకున్నవు."

"తల్సుకోలేదవ్వా, కార్డు ఖరాబైంది," అన్నాడు హన్మండ్లు. శాంతవ్వ ఆ మాట పట్టించుకోకుండా ముందు సీట్లో కూర్చుంది.

కార్డు పాడైనప్పుడల్లా అతను పరుగెత్తేది బస్టాండు ఎదురుగా ఉన్న ప్రేమ్‌సింగ్ సెల్ షాపుకు. ప్రేమ్‌సింగ్‌ది దగ్గరి తండా. కొన్నేళ్లు దుబాయిలో పనిచేసి వచ్చి ఈ షాపు పెట్టాడు. పాటలు ఎక్కించడంలో మండలం మొత్తానికి అతని తర్వాతే ఎవరైనా. షాపులో రద్దీ ఎక్కువ కాబట్టి ఒకరి కార్డు ఇంకొకరికి పోకుండా ఒక పద్ధతి పెట్టుకున్నాడు. కార్డును కంప్యూటర్‌కు తగిలించగానే దానికి తెచ్చినవాళ్ల పేరే పెట్టేవాడు. అలా ఎల్లారెడ్డిలో ప్రతి కార్డుకూ ఒక యజమాని పేరుండేది, ఇంట్లో పుట్టిన పిల్లకు ఇంటిపేరున్నట్టు.

"మల్ల వచ్చినవా?" అనేవాడు ప్రేమ్‌సింగ్ హన్మండ్లును చూడగానే. "నువ్వు కార్డును ఆటోల పెడుతున్నవా, పొయ్యిల పెడుతున్నవా?"

"నీ మాల్ నకిలీదేమో, గది చూసుకో ముందుగాల."

"గదే మాల్ ఊరందరికీ అమ్మిన. నీ ఒక్కనిదే ఎందుకు చస్తున్నది?"

ఈ తగాదా ఇద్దరికీ ఎంత అలవాటైందంటే, ఒక నెల కార్డు పాడవకపోతే ప్రేమ్‌సింగే బయటికొచ్చి, "ఏందన్నా, పాణం బాగలేదా?" అని అడిగాడు.

ప్రేమ్‌సింగ్ చెల్లెలు భూమిక కామారెడ్డిలో హాస్టల్‌లో ఉండి ఇంజనీరింగ్ ఆఖరి ఏడాది చదువుతోంది. 2012 వర్షాకాలం నుంచి ప్రతి శనివారం సాయంత్రం బస్సు దిగగానే తండాకు పోకుండా షాపులోనే కూర్చోవడం మొదలుపెట్టింది. వచ్చిన ప్రతి కార్డునూ తన కంప్యూటర్‌కు తగిలించి ఏదో కొలిచేది. ఊళ్లో చెడిపోయిన కార్డులన్నీ తనకే కావాలనేది. చెడిపోయినవాటి కోసం ఇంతలా ఎదురుచూసే పిల్లను హన్మండ్లు ఎన్నడూ చూడలేదు. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాడు.

"ఏం జేస్తున్నవు చెల్లె వీటితోని?"

భూమికకు ఎవరైనా అడిగితే చాలు. "మెమరీ కార్డు మనమనుకున్నంత నిమ్మలమైంది కాదన్నా. చదివినప్పుడల్లా లోపల కొన్ని తప్పులు దొర్లుతనే ఉంటయి. చిన్న తప్పులైతే కార్డు తనంతట తనే దిద్దుకుంటది, మనకు ఎరుక గూడ కాదు. తప్పులెక్కువైతే దిద్దుకునుడు దానివల్ల కాదు. గప్పుడు పాట ఆగిపోతది."

"ఆగిపోయేది నాకెర్కనే. ఆగిపోయినంకనే గదా మీ అన్నతోని లొల్లికి వచ్చేది."

"ఆగకముందే చెప్పాలె. అదే నా ప్రాజెక్టు. దిద్దుకునేటప్పుడు కార్డు జర ఆలస్యం చేస్తది. రెప్ప కొట్టినంత గూడ కాదు. ఆ ఆలస్యాలను కంప్యూటర్‌కు చూపిస్తున్న. ఇది మంచిగున్న కార్డు, ఇది తర్వాత చెడిపోయిన కార్డు అని వరుసగ చూపిస్తే, చూసి చూసి అదే నేర్చుకుంటది. దీన్ని మెషిన్ లర్నింగ్ అంటరు."

"అంటే మిషన్‌కు బడి పెట్టినవన్నట్టు."

"గట్లనే అనుకో."

"మరి సరిగ్గ నేర్వకపోతే కొడ్తవా?"

భూమిక నవ్వేసింది. ఆ మిషన్‌కు దెబ్బలు నిజంగానే అవసరమయ్యే రోజు వస్తుందని అప్పుడు ఇద్దరికీ తెలియదు.

సంక్రాంతి దాటిన రెండు మూడు వారాలకు భూమిక తన ప్రోగ్రాము తెచ్చి అన్న షాపులో పెట్టింది. కార్డు తగిలిస్తే చాలు, కాసేపు గింజుకుని తెర మీద రంగు చూపిస్తుంది. పచ్చగా వస్తే కార్డు బాగుంటుంది, ఎర్రగా వస్తే తొందర్లో పాడవుతుంది. పాత కార్డుల మీద పరీక్షిస్తే పదింటికి తొమ్మిది సరిగ్గా చెప్పింది. ప్రేమ్‌సింగ్ ఛాతీ ఉబ్బిపోయింది. వచ్చినవాళ్లందరికీ జాతకం చూపించినట్టు చూపించడం మొదలుపెట్టాడు. అది శనివారం, అంగడి రోజు. షాపు ముందు జనం మూగారు. సరిగ్గా అప్పుడే హన్మండ్లు వచ్చాడు.

"రా అన్నా, ఇయ్యాల తేలుస్తది నీ సంగతి," అని ప్రేమ్‌సింగ్ ప్యాకెట్ చింపి కొత్త కార్డు తీశాడు. తగిలించాడు. పచ్చగా వచ్చింది.

"చూసినవా? నా మాల్ అసలుది."

ఎప్పటిలాగే కార్డుకు హన్మండ్లు పేరు పెట్టి, మళ్లీ ఒకసారి నొక్కాడు. తెర ఎర్రబడింది.

ప్రేమ్‌సింగ్ పేరు చెరిపేశాడు. పచ్చ. మళ్లీ రాశాడు. ఎరుపు. వెనక నుంచి ఎవరో, "వినోదక్క పేరు రాసి చూడు," అన్నారు. పచ్చ. అవతలి ఆటో నడిపే సీతారాం తన పేరు రాయించుకున్నాడు. చిలకపచ్చ. పట్టుబట్టి ఇంకోసారి హన్మండ్లు పేరు రాయించారు. రక్తం కారినట్టు ఎరుపు.

"ఇంక కార్డుల ఒక్క పాట గూడ ఎక్కియ్యలే," అన్నాడు సీతారాం మెల్లగా. "ఉత్త పేరుకే చస్తున్నది."

భూమిక అన్నను పక్కకు జరిపి కంప్యూటర్ ముందు కూర్చుంది. "ఏదో తప్పు జరిగింది, చూస్తా," అంటూ ఏదేదో నొక్కింది. ఆమె మాట ఎవరు విన్నారు? సీతారాం అప్పటికే ఆటో స్టాండుకు నడుస్తున్నాడు. పొద్దుగూకేలోగా ఎల్లారెడ్డిలోనూ, ఆఖరి ట్రిప్పు అయ్యేలోగా లింగంపేటలోనూ తెలియనివాళ్లు లేరు: హన్మండ్లు పేరు పడితే కార్డు ఖరాబ్. కంప్యూటరే చెప్పింది.

మనిషి చెబితే కాదనవచ్చు. జోస్యుడు చెబితే ఇంకో జోస్యుడి దగ్గరికి పోవచ్చు. కంప్యూటర్ చెబితే ఎవరికి మొరపెట్టుకోవాలి?

మర్నాడు శాంతవ్వ గుడ్ల గంప నెత్తిన పెట్టుకుని అతని ఆటో దాటి సీతారాం ఆటో వైపు నడిచింది.

"అవ్వా, ఎటు పోతున్నవు? నేనీడ ఉన్న."

"నిన్నేమంటలేను కొడుకా. నువ్వు బంగారం. గుడ్లున్నయి గదా మరి," అంది శాంతవ్వ బాధగా. "రేపు గుడ్లు లేకుంట వస్త, నీ ఆటోలనే ఎక్కుత."

ఆ వారం అతని ఆటో ఎక్కింది ఊరికి కొత్తవాళ్లే. మైకు ఎంత మొత్తుకున్నా సీట్లన్నీ ఖాళీ. ఇంట్లో ఇంకో ముచ్చట. వినోద అలాంటివి నమ్మే మనిషి కాదు. అయినా అతను టీవీ రిమోట్ అందుకోబోతుంటే ఆమె చెయ్యి అడ్డం పడింది. "నమ్మి కాదు. కొత్త టీవీ గదా, జర దూరం కూసో."

అన్నిటికంటే ఘోరం గురువారం జరిగింది. మూడూళ్ల అవతలి నుంచి పంచె కట్టుకున్న పెద్దమనిషి ఒకరు వెతుక్కుంటూ వచ్చి, హన్మండ్లును పక్కకు తీసుకెళ్లి, చెవిలో చెప్పాడు. "మాకూ మా పాలోళ్లకూ పడదు తమ్మీ, ఆళ్ల బోరు మోటరున్నది. నువ్వేం జెయ్యద్దు. ఊకె వచ్చి ఒక్కసారి చెయ్యి పెట్టిపో."

హన్మండ్లుకు కోపం వచ్చిందో ఏడుపు వచ్చిందో అతనికే తెలియలేదు. ఆ పెద్దమనిషిని పంపించేసి, ఆటోను ఇంటి ముందు పెట్టి, ఇంట్లో మూలన పడి ఉన్న పాడైన కార్డులన్నీ చొక్కా జేబులో వేసుకుని, మర్నాడు పొద్దున్నే కామారెడ్డి బస్సెక్కాడు. దారిలో తాడ్వాయి దాకా అనాల్సిన మాటలన్నీ మనసులో పేర్చుకున్నాడు. తాడ్వాయి దాటాక వాటికి పదును పెట్టుకున్నాడు.

కాలేజీ కామారెడ్డి ఊరి చివర ఉంది. భూమిక కంప్యూటర్ల గదిలో దొరికింది. పక్కనే ఆమె ప్రాజెక్టు చూసే స్వామిదాసు సార్ ఉన్నాడు. నడివయసు మనిషి, చిన్న పొట్ట, మెడలో తాడుతో వేలాడే కళ్లజోడు. హన్మండ్లు ఎవరో తెలియక, "కరెంటు పనికి వచ్చినవా? ఫ్యాన్ అదిగో," అన్నాడు.

"ఫ్యాన్ కోసం రాలే సార్. ఇజ్జత్ కోసం వచ్చిన," అన్నాడు హన్మండ్లు. "మీ కంప్యూటర్ నా మీద ఒక మాటన్నది. ఆ మాట వాపస్ తీసుకోవాలె."

సార్ కళ్లజోడు పెట్టుకున్నాడు. భూమిక తల దించుకుని జరిగినదంతా చెప్పింది. పేరు రాస్తే ఎరుపు, చెరిపితే పచ్చ అనేదాకా వచ్చేసరికి సార్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. బోరు మోటరు సంగతి హన్మండ్లు చెప్పేసరికి కుర్చీలో వెనక్కి వాలి, కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వాడు. తర్వాత తేరుకుని హన్మండ్లుకు తన కుర్చీ ఇచ్చాడు.

"కోప్పడకుండ్రి. మీరు రాకపోతే ఈ తప్పు వైవా దాక దొరకకపోవు. మా కంప్యూటర్‌కు మీ మీద కక్ష లేదు. అది సోమరి పిలగాని లెక్క చేసింది. లెక్క చెయ్యమంటే పుస్తకం ఎనుక జవాబు చూసే పిలగాడుంటడు చూడుండ్రి, గట్ల. మీ కార్డులు చాన ఖరాబైనయి. అన్నిటి మీద మీ పేరున్నది. ఆలస్యాలు కొలిచి ఆలోచించుడెందుకు, పేరు చూస్తే సరిపాయె అనుకున్నది." అని భూమిక వైపు తిరిగాడు. "పేరును ఎందుకు చూడనిచ్చినవమ్మా దాన్ని?"

"కార్డు గురించి ఉన్నదంతా ఇచ్చేసిన సార్. పేరు గూడ అండ్ల పోయిందని ఆలోచించలే."

"మరిప్పుడు?" అన్నాడు హన్మండ్లు.

"పేరు తీసేసి మళ్ల నేర్పిస్త అన్నా. ఇప్పుడే, నీ ముంగటనే."

భూమిక పేర్లన్నీ తీసేసింది. కంప్యూటర్ మళ్లీ మొదటి నుంచి నేర్చుకుంది. కరెంటు ఒకసారి పోయి వచ్చింది, అదీ అయ్యాక ఫలితం చూసింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. ఇదివరకు పదింటికి తొమ్మిది చెప్పిన మిషన్ ఇప్పుడు రూపాయి బిళ్ల ఎగరేసి చెప్పినట్టు చెబుతోంది. ఇన్నాళ్లూ అది నేర్చుకున్నది ఒకే ఒక్క పాఠం: హన్మండ్లు.

"వైవా పది రోజులల్ల ఉంది సార్," అంది భూమిక. చున్నీతో కళ్లు తుడుచుకుంది.

తాడ్వాయి దాటాక పదును పెట్టుకున్న మాటలు హన్మండ్లు నోట్లోనే ఉండిపోయాయి. జేబులో చెయ్యి పెట్టి, ఉన్న కార్డులన్నీ తీసి బల్ల మీద పోశాడు. పేలాలు పోసినట్టు గలగలా రాలాయి.

"ఏడవకు చెల్లె. నా పేరు తీసేసినవు, మంచిగైంది. కార్డులైతే నిజంగనే చస్తున్నయి గదా? పేరు గాకపోతే ఇంకేదో ఉంటది. అది దేవులాడు."

స్వామిదాసు సార్ ఆ కుప్పను చూసి ఈల వేశాడు.

తర్వాతి రోజులు భూమిక ఆ కార్డులతోనే గడిపింది. ఎండ వేడేమో అనుకుంది. ఊళ్లో మిగతా ఆటోలూ అదే ఎండలో తిరుగుతున్నాయి. కుదుపులా అనుకుంది. లింగంపేట రోడ్డు అందరికీ ఒకటే. చివరికి అసలు ప్రశ్నే మార్చింది. అప్పటిదాకా కార్డు మొత్తం మీద సగటున ఎంత ఆలస్యమవుతోందో చూసేది. ఇప్పుడు షాపులో ప్రతి శనివారం రాసిపెట్టుకున్న కొలతలు కూడా తిరగేసి, కార్డులో ఏ చోట ఆలస్యమవుతోంది, ఆ చోటు వారం వారం ఎలా పెరుగుతోంది అని చూసి, అదే మిషన్‌కు చూపించింది. మిషన్ ఈసారి బుద్ధిగా నేర్చుకుంది. చెడిపోబోయే కార్డుల్లో ఆలస్యాలు అంతటా చెదిరి లేవు. ఒక్కచోట గుంపుగా మొదలై, ఇరుగుపొరుగుకు పాకుతున్నాయి. హన్మండ్లు కార్డుల్లో ఆ చోటు ప్రతిసారీ కార్డు మొదట్లోనే ఉంది. పేరు తెలియకుండానే మిషన్ మళ్లీ పదింటికి తొమ్మిదికి దగ్గరగా వచ్చింది. వైవా రోజుకు ఆమె దగ్గర ఇంతవరకే ఉంది. అక్కడే ఎందుకు మొదలవుతుందో మాత్రం తేలలేదు.

వైవాకు హైదరాబాద్ నుంచి వచ్చిన పరీక్షకుడు ముఖాన నవ్వు ఎరగని మనిషి. ఆయన ముందు భూమిక నిలబడింది. పక్కన స్వామిదాసు సార్. వెనక బెంచీ మీద ఇస్త్రీ చొక్కా వేసుకుని హన్మండ్లు. తన మీద పడ్డ మాట వాపస్ తీసుకోవడం స్వయంగా వింటానని వచ్చాడు.

భూమిక అంతా చెప్పింది. తాను చేసిన తప్పు కూడా దాచలేదు. పేరు చూసి మిషన్ మోసపోయిన సంగతి చెప్పినప్పుడు పరీక్షకుడు మొదటిసారి తలెత్తాడు.

"తప్పులు ఎప్పుడూ కార్డు మొదట్లోనే మొదలవుతున్నాయన్నావు. అక్కడ ఏముంది?"

"ఏదో ఒక పాట అయ్యుంటుంది సార్. నేను ఆ చోటు కొలిచాను కానీ, అందులో ఉన్న ఫైలు తెరవలేదు."

"తెరువు."

ఇంకా చదవడానికి వీలున్న కార్డు ఒకటి తగిలించి, మొదటి ఫైలు మీద నొక్కింది. గది గోడలకు పెద్ద స్పీకర్లున్నాయి.

"రావాలె రావాలె, లింగంపేట లింగంపేట! ఒక్క సీటే ఖాళీ, ఒక్క సీటే! ఇగ కదుల్తున్నది, ఇగ కదుల్తున్నది!"

కిటికీ మీద పావురాలు లేచిపోయాయి. వరండాలో తమ వంతు కోసం కూర్చున్న పిల్లలు లోపలికి తొంగిచూశారు. స్వామిదాసు సార్ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు, భుజాలు మాత్రం కదులుతున్నాయి. హన్మండ్లుకు ఆ బెంచీ కింద దూరిపోదామనిపించింది.

"ఇది ఎవరు?" అన్నాడు పరీక్షకుడు.

"నేనే సార్," అన్నాడు హన్మండ్లు లేచి.

"రోజుకు ఎన్నిసార్లు పెడతావు?"

"లెక్క లేదు సార్. ఆటో నిండేదాక ఆగకుంట తిరుగుతనే ఉంటది."

"ఒక్క సీటే ఖాళీ అంటున్నావు. అయితే త్వరగానే నిండాలి కదా?"

"ఏడు సీట్ల ఆటో సార్." హన్మండ్లు ఇస్త్రీ చొక్కా సర్దుకున్నాడు. "పదకొండుకు నిండుతది."

పరీక్షకుడి ముఖంలో ఏదో కదిలింది. నవ్వు అని చెప్పలేం, దాని దూరపు చుట్టం. ఈలోగా భూమిక తల పట్టుకుంది. రెండేళ్లుగా ప్రతి శనివారం బస్సు దిగగానే ఆమె చెవిన పడే మొదటి మాట అదే. వినీ వినీ వినపడటమే మానేసింది.

"సార్!" అంది ఒక్కసారిగా. "మెమరీలో ఒకే చోటును మళ్లీ మళ్లీ చదివితే ఆ చుట్టుపక్కల రాసినవి చెదురుతాయి. చదవడమే కదా, ఏం కాదులే అనుకుంటాం. కొన్నిసార్లయితే ఏమీ కాదు. ఇది రోజూ వందలసార్లు చదువుతున్నారు. మంచి కార్డయితే ఆ చోటును తనే మార్చుకుంటుంది. ఈ చవక కార్డులకు ఆ తెలివి లేదు. నా ప్రోగ్రాము ఆలస్యాలు గుంపు కట్టడం చూసి ముందే కనిపెడుతోంది. అప్పుడే ఆ ఫైలును వేరే చోటికి మార్చి రాస్తే తప్పులు దిద్దుకోలేనంత పెరగవు. కార్డు బతుకుతుంది."

"పక్కింట్ల పొద్దస్తమానం మైకు పెడితే మనకు నిద్ర పట్టనట్టు," అన్నాడు హన్మండ్లు వెనక నుంచి, నోరు ఊరుకోక.

"మీరు కూర్చోండి," అన్నాడు పరీక్షకుడు. తర్వాత భూమికను ఇంకా చాలా అడిగాడు, కొన్నిటికి ఆమె జవాబు చెప్పలేకపోయింది కూడా. అయినా వెళ్లేటప్పుడు స్వామిదాసు సార్‌తో, ఈ ఏడాది తను విన్న ప్రాజెక్టుల్లో నిజంగా చేసింది ఇదొక్కటే అన్నాడట.

ఆ శనివారం భూమిక ఆటో స్టాండులో నిలబడి అందరి ముందూ చెప్పింది. తప్పు తనదని, హన్మండ్లన్న చేతిలోనూ పేరులోనూ ఏ దోషమూ లేదని. సీతారాం అడ్డం తిరిగాడు.

"మరి కార్డు ఎందుకు ఖరాబైనట్టు?"

"ఒక్కటే మాట రోజంత చెప్పిచ్చినందుకు."

శాంతవ్వ ఆలోచించింది. "మరి గుడ్లకు?"

"గుడ్లకేం కాదవ్వా."

శాంతవ్వ గంప ఎత్తుకుని, ఏమీ జరగనట్టే హన్మండ్లు ఆటోలో ముందు సీట్లో కూర్చుంది.

ప్రేమ్‌సింగ్ షాపులో కొత్త ప్రోగ్రాము పెట్టారు. వారానికోసారి కార్డు తగిలిస్తే, అలసిపోతున్న చోటు చూసి అక్కడున్నదాన్ని వేరే చోటికి మార్చేది. దీన్ని ప్రేమ్‌సింగ్ 'పాటకు ఇల్లు మార్చుడు' అనేవాడు. భూమిక ఇంకో సలహా కూడా ఇచ్చింది. ఒకే కేక కాకుండా పది రకాలుగా రికార్డు చేసి వంతులవారీగా పెట్టమంది. హన్మండ్లు నాలుగు చెప్పేసరికి మాటలు అయిపోయాయి. అయిదోది వినోద చెప్పింది. "లింగంపేట పోయేటోళ్లు రాండ్రి. నిమ్మలంగ కూసుండ్రి. సీట్లు చాన ఉన్నయి, తొందరేం లేదు."

"గిట్ల చెప్తే ఎవడొస్తడే?" అన్నాడు హన్మండ్లు.

ఆ కేకకే జనం ఎక్కువ వచ్చారు. ముఖ్యంగా ఆడవాళ్లు. హన్మండ్లు దీన్ని బయటికి ఒప్పుకోలేదు కానీ, మిగతా కేకల వంతు తగ్గించి దాని వంతు పెంచాడు.

2014 ఎన్నికలొచ్చేసరికి మొగుడూ పెళ్లాల గొంతులకు మండలమంతా గిరాకీ వచ్చింది. పోటీలో ఉన్న ఇద్దరు అభ్యర్థుల ప్రచార ఆటోలకూ హన్మండ్లే గొంతిచ్చాడు. బజారులో రెండు ఆటోలు ఎదురుపడితే ఒకే మనిషి తనను తానే తిట్టుకుంటున్నట్టు వినిపించేది. "ఎవనికెయ్యమంటవు కొడుకా?" అని శాంతవ్వ అడిగితే, "నన్నడుగుతవేందవ్వా, నేను రెండు దిక్కుల మొత్తుకుంటున్న," అన్నాడు.

ఆ ఎండాకాలమే భూమికకు బెంగళూరులో మెమరీ చిప్పులు పరీక్షించే కంపెనీలో ఉద్యోగం దొరికింది. చేరిన కొన్ని వారాలకు ఫోన్ చేసింది.

"అన్నా, ఒక సాయం కావాలె. ఈడ మిషన్‌కు నేర్పనీకి చెడిపోయిన కార్డులు సాల్తలేవు. నీ దగ్గర ఎన్నున్నయి?"

"ఒక్కటి గూడ లేదు చెల్లె. నీ ప్రోగ్రాము పెట్టినప్పటి సంది ఒక్కటీ చస్తలేదు. మీ అన్న గూడ లొల్లి లేక చిక్కిపోయిండు."

"అయ్యో," అంది భూమిక. సంతోషించాలో బాధపడాలో ఆమెకు తెలిసినట్టు లేదు.

"నువ్వు ఫికర్ చెయ్యకు. ఉపాయమున్నది."

ఫోన్ పెట్టేసి హన్మండ్లు స్టాండు అవతలికి చూశాడు. అక్కడ సీతారాం కొత్తగా కొన్న మైకులో, తన గొంతుతో, ఒక్కటే కేక పొద్దున్నుంచి తిరుగుతోంది. ప్రేమ్‌సింగ్ షాపుకు కార్డు తీసుకుపోవడం అతనికి నామోషీ. హన్మండ్లు రెండు చాయ్‌లు చెప్పి, ఒకటి తీసుకెళ్లి సీతారాంకు ఇచ్చాడు.

"మైకు మస్తున్నది తమ్మీ," అన్నాడు ప్రేమగా. "కార్డు ఖరాబైతే మాత్రం పారెయ్యకు. నాకియ్యి."